చిన్న చిత్రానికి స్వరం

పిల్లలూ! మీలో సినిమా చూడనివారు ఉండరు. ఈ మధ్య సినిమా తీయనివారు కూడా తగ్గిపోతున్నారు. ఒకప్పుడు కెమెరా అంటే పెద్ద ఊళ్లలోని స్టూడియోవాళ్ల సొత్తు. ఇప్పుడది మీ అన్న చొక్కా జేబులో ఉంది. బొమ్మ తీయడం తేలికైంది. ఆ బొమ్మకు తగిన స్వరం వెదకడం మాత్రం ఎప్పటిలాగే కష్టంగా ఉంది. ఆ వెదకులాట ఎలా సాగుతుందో నేను ఒక బడిలో దగ్గరగా చూశాను. అదే ఈ పాఠం.

హోసూరు ప్రాంతంలోని ఒక పల్లెటూరి బడి అది. అక్కడి తెలుగు కుటుంబాలు ఎన్నో తరాల క్రితమే స్థిరపడినవి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి కొంచెం దూరం పోతే కన్నడం. పాఠ్యపుస్తకం పని మీద వెళ్లిన నన్ను తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టుముట్టారు. వాళ్లు ఒక లఘుచిత్రం తీయబోతున్నారు. కథ సిద్ధంగా ఉంది. బెంగుళూరులో చదువుకునే ఒక కుర్రవాడు వేసవి సెలవులకు అవ్వ ఊరికి వస్తాడు. వాడికి తెలుగు సరిగా రాదు. అవ్వకు తెలుగు తప్ప మరొకటి రాదు. పది రోజులు ఒకే ఇంట్లో ఉంటారు. ఏం జరుగుతుంది? అదే కథ.

కథ వినగానే నేను కొంచెంసేపు మాట్లాడలేకపోయాను. అలాంటి ఇళ్లు నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటాయి.

"అంతా బాగానే ఉంది సార్. పాటే కుదరలేదు" అన్నాడు కెమెరా బాధ్యత తీసుకున్న కుర్రవాడు. అప్పటికే వాడు ఒక పెద్ద సినిమా పాటను ఎంచి పెట్టుకున్నాడు. అమ్మ ప్రేమ గురించిన పాట. ఫోనులో వినిపించాడు. పాట మంచిదే. సగం మంది పిల్లలు తలలు ఊపారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం, "ఆ పాట వింటే ఆ సినిమానే గుర్తొస్తాది సార్, మా అవ్వ గుర్తు రాదు" అన్నారు. ఈ మాట మీద పెద్ద వాదులాట జరిగింది. నేను తీర్పు చెప్పలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాను. సినిమా పాటకు హక్కుదారులు ఉంటారు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. ఒకరి పాటను మన చిత్రంలో పెట్టుకోవాలంటే వారి అనుమతి కావాలి. కుర్రవాడి ముఖం చిన్నబోయింది.

సరే, వాదన ఎందుకు, పరీక్షించి చూద్దామన్నాను. పిల్లలు అంతకుముందే ఒక దృశ్యం తీసి ఉంచారు. ఒక ముసలాయన చెరువుకట్ట మీద నడిచిపోతుంటాడు. అరనిమిషం నిడివి. ఆ బొమ్మ ఆడుతుండగా మొదట మరొక ఫోనులో నాదస్వరం పెట్టాం. ముసలాయన పెళ్లికి పోతున్నట్టనిపించింది. రెండోసారి వయొలిన్ మీద ఒక విషాదరాగం పెట్టాం. ఎవరో పోయినట్టుంది, పాపం కబురు తెలిసి పోతున్నాడు అనుకున్నాం. మూడోసారి గబగబా మోగే డప్పులు పెట్టాం. అందరూ నవ్వారు. ఆయనను ఎవరో తరుముతున్నారట! చివరిసారి ఏమీ పెట్టలేదు. చెరువు దగ్గరి పిట్టల చప్పుడు, చెప్పుల చప్పుడు, అంతే. అప్పుడు మాకు కొత్త సంగతి ఒకటి కనబడింది. ఆయన ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. మూడుసార్లు చూసినా మాలో ఎవరూ దాన్ని గమనించలేదు. సంగీతం మా చూపును తనవైపు లాక్కుపోయింది.

నేపథ్య సంగీతం చేసే పని ఇదే. అది చూసేవాడి చెవిలో చేరి, "ఇలా చూడు, ఇలా అనుకో" అని చెబుతుంది. తగినది దొరికితే బొమ్మ బతుకుతుంది. తగనిది పెడితే బొమ్మలో ఉన్నది కూడా కనబడకుండా పోతుంది. ఈ సంగతి బాగా ఎరిగిన ఒక దర్శకుని గురించి ఆ రోజు పిల్లలకు చెప్పాను. మీకూ చెబుతాను.

సత్యజిత్ రాయ్ 1921వ సంవత్సరం మే 2న కలకత్తాలో జన్మించారు. ఆయన తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ పిల్లల కథలు రాసినవారు, బొమ్మలు వేసినవారు, ముద్రణ కళలో నిపుణులు. వయొలిన్ కూడా వాయించేవారు. తండ్రి సుకుమార్ రాయ్ బెంగాలీలో గొప్ప హాస్యకవి. సత్యజిత్‌కు మూడేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. బడిలో చదివే రోజుల్లోనే సత్యజిత్‌కు పాశ్చాత్య సంగీతం మీద మోజు కలిగింది. గ్రామఫోను రికార్డులు కొని దాచుకునేవారు. శాంతినికేతనంలో చిత్రకళ అభ్యసించారు. 1943లో ఒక ప్రకటనల సంస్థలో బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరారు.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రచించిన 'పథేర్ పాంచాలీ' నవలను సినిమాగా తీయాలన్నది ఆయన కోరిక. నిర్మాతలు ముందుకు రాలేదు. 1952 అక్టోబరులో, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతోనే ఆరంభించారు. డబ్బు చాలక జీవితబీమా పత్రాన్ని తాకట్టు పెట్టారు. ఎంతో ఇష్టంగా కూడబెట్టుకున్న రికార్డులను కూడా అమ్ముకున్నారు. సంగీతమంటే ప్రాణమైన మనిషి రికార్డులు అమ్ముకున్నాడంటే ఆ సినిమా ఆయనకు ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. మొదటి రోజు తెల్లటి రెల్లుపూల పొలంలో అక్కా తమ్ముళ్ల దృశ్యాన్ని చిత్రీకరించారు. వారం తరవాత మిగిలిన భాగం కోసం వెళితే అక్కడ పూలు లేవు. పశువులు మేసేశాయి! మళ్లీ పూలు పూసేదాకా ఏడాది ఆగవలసి వచ్చింది. బొమ్మ కోసం అలా ఆగినవాడు సంగీతం విషయంలో తొందరపడతాడా? అయినా తొందరపడక తప్పలేదు. ఆ కథ వినండి.

సంగీతం కోసం ఆయన ఆశ్రయించింది సితారు విద్వాంసుడు రవిశంకర్‌ను. రవిశంకర్ అప్పటికే కచేరీలతో ఊరూరా తిరుగుతున్నారు. ఇద్దరూ కలిసినప్పుడు, సినిమా ఇంకా చూడకుండానే, రవిశంకర్ తన మనసులో మెదిలిన ఒక చిన్న వరుసను కూనిరాగం తీసి వినిపించారు. పల్లెపాటలా ఉంది, అయినా శాస్త్రీయమైన నడక ఉంది. రాయ్‌గారికి అది వెంటనే నచ్చింది. సినిమాకు ముఖ్యమైన వరుసగా అదే నిలిచింది. ఆ తరవాత రవిశంకర్ చిత్రంలో కొంత భాగాన్ని మాత్రమే చూడగలిగారు. సంగీతం మొత్తం ఒక్క రాత్రిలో, సుమారు పదకొండు గంటలపాటు సాగిన రికార్డింగులో పూర్తి చేశారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచారట. ఇంకా కొన్నిచోట్ల సంగీతం తక్కువ పడితే, ఆ సినిమాకు ఛాయాగ్రహణం చేసిన సుబ్రత మిత్రా స్వయంగా సితారు పట్టుకుని వాయించారు. కెమెరా పట్టినవాడే వాద్యం కూడా పట్టాడన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు మా కెమెరా కుర్రవాడు కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఆ సినిమాలో ఒక దృశ్యం ఉంది. కూతురు దుర్గ జ్వరంతో చనిపోయింది. ఊరు విడిచి పోయిన తండ్రికి ఆ కబురు తెలియదు. ఆయన చాలా రోజులకు ఇంటికి వచ్చి, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే భార్యకు చూపుతాడు. చివరకు కూతురి కోసం తెచ్చిన చీర ఇస్తాడు. ఆ తల్లి చీర నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడుస్తుంది. కాని మనకు ఆమె ఏడుపు వినబడదు. దానికి బదులు తార్ షెహనాయి అనే తీగవాద్యం ఒక్కసారిగా పై స్థాయిలో పలుకుతుంది. పట్‌దీప్ రాగం అది. వాయించినవారు దక్షిణామోహన్ ఠాగూర్. నటి గొంతును తీసివేసి వాద్యాన్ని పెట్టడం సాహసమే. ఏడుపు వినిపించి ఉంటే మనం ఒక తల్లిని చూసి జాలిపడేవాళ్లం. ఇప్పుడు అది ఆ ఒక్క తల్లి ఏడుపుగా మిగలలేదు. మరోచోట, రైలు చూడడానికి పోతున్న పిల్లలిద్దరూ తంతిస్తంభానికి చెవి ఆనించి వింటారు. తీగల ఝుంకారం తప్ప అక్కడ మరేమీ లేదు. దానికి మించిన సంగీతం ఆ చోట అక్కరలేదు.

1955లో విడుదలైన ఆ సినిమా తరవాత మరికొన్ని చిత్రాలకు రాయ్ గొప్ప విద్వాంసులనే పిలిచారు. 'జల్సాఘర్'కు విలాయత్ ఖాన్, 'దేవి'కి అలీ అక్బర్ ఖాన్ సంగీతం సమకూర్చారు. అయితే తన తలలో ముందే ఏదో ఒక స్వరం వినబడుతూ ఉండడం, విద్వాంసులకు కచేరీలవల్ల తీరిక లేకపోవడం, ఈ రెండూ ఆయనకు ఇబ్బంది అయ్యాయి. 1961లో 'తీన్ కన్యా' చిత్రం నుండి తన సినిమాలకు తానే సంగీతం కూర్చుకోసాగారు.

1964లో అమెరికా టెలివిజన్‌లో చూపడానికి ఒక చిన్న చిత్రం తీసి ఇమ్మని రాయ్‌ను అడిగారు. అది ఇంగ్లీషులో ఉండాలన్నారు. బెంగాలీ పిల్లలు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటే కృత్రిమంగా ఉంటుందని ఆయనకు తోచింది. అందుచేత ఏం చేశారు? మాటలనే తీసివేశారు. ఆ చిత్రం పేరు 'టూ'. అంటే 'ఇద్దరు'. పావుగంట మాత్రమే ఉండే నలుపు తెలుపు చిత్రం. ఒక్క మాట కూడా లేదు.

పెద్ద మేడలో ఒక సంపన్నుల పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడు. గదినిండా బొమ్మలు, బుడగలు. ఏమీ తోచక అగ్గిపుల్లతో బుడగలు పేల్చుతుంటాడు. కిటికీ బయటినుండి వేణునాదం వినబడుతుంది. తొంగి చూస్తే, కింద గుడిసె దగ్గర ఒక పేదపిల్లవాడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. మేడపిల్లవాడు తన బొమ్మబాకా తెచ్చి పెద్దగా ఊదుతాడు. వేణువు ఆ మోతలో మునిగిపోతుంది. పేదవాడు లోపలికి వెళ్లి చిన్న డప్పు తెస్తాడు. మేడవాడు తాళం తిప్పగానే డోలు కొట్టే కోతిబొమ్మను చూపిస్తాడు. వాడు ముసుగు పెట్టుకుని ఆడితే వీడు అంతకంటె గొప్ప ముసుగులు తొడుక్కుని కత్తి, తుపాకి చూపిస్తాడు. పేదవాడు ఓడిపోయి వెళ్లిపోతాడు. కొంతసేపటికి కిటికీలోనుండి ఆకాశంలో ఒక గాలిపటం కనబడుతుంది. ఎగురవేస్తున్నది వాడే. మేడవాడి దగ్గర గాలిపటం లేదు. ఉండేలుతో కొడతాడు, తగలదు. గాలితుపాకి తెచ్చి కాలుస్తాడు. పటం చిరిగి పడిపోతుంది. పేదవాడు కన్నీళ్లతో పైకి చూసి గుడిసెలోకి పోతాడు.

మేడపిల్లవాడు గెలిచాడు. బొమ్మలన్నిటికీ తాళాలు తిప్పి వదిలాడు. గది అంతా గరగర, టకటక చప్పుళ్లు. ఆ చప్పుళ్ల నడుమనుండి, సన్నగా, మళ్లీ పిల్లనగ్రోవి వినబడుతుంది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ వేణువు సినిమా తీసిన తరవాత పైన పూసిన రంగు కాదు. అది లేకపోతే కథే లేదు. చిత్రీకరణకు ముందే దర్శకుని చెవిలో ఆ రెండు ధ్వనులూ ఉండి తీరాలి. ఊపిరితో పలికే వెదురు ఒకటి, తాళంచెవితో తిరిగే రేకు ఒకటి. ఏ దృశ్యంలో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది కూడా ఆ ధ్వనులే నిర్ణయించాయి. కిటికీ ఎందుకు? చప్పుడు లోపలికి రావడానికి.

స్వరం ఎక్కడినుండైనా రావచ్చు. తన తాతగారు 1915లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలో రాసిన కథను రాయ్ 1969లో 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' పేరుతో సినిమా తీశారు. అందులో దయ్యాల నాట్యం ఉంది. ఆరున్నర నిమిషాలసేపు రాజుల దయ్యాలు, దొరల దయ్యాలు, బొజ్జదయ్యాలు, సామాన్యుల దయ్యాలు గుంపులు గుంపులుగా ఆడతాయి. బెంగాలీ దయ్యాలకు ఆయన పెట్టిన వాద్యాలు ఏమిటో తెలుసా? మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్! మన దక్షిణదేశపు కచేరీల్లో మీరు వినేవే. ఇది విని మా బడి పిల్లలు చాలాసేపు నవ్వుకున్నారు. 1976లో ఆయన మద్రాసుకు చెందిన నాట్యకళాకారిణి బాలసరస్వతి మీద 'బాల' అనే అరగంట చిత్రం తీశారు. క్షేత్రయ్య తెలుగు పదాలకు అభినయం పట్టడంలో ఆమెకు ఆమే సాటి. ఆ పదాలను భద్రంగా కాపాడి ఆమెకు అందించింది వీణ ధనమ్మాళ్ కుటుంబం. ధనమ్మాళ్ ఆమెకు అమ్మమ్మ. కృష్ణాతీరంలోని మువ్వ గ్రామంలో పుట్టిన పదం, మూడు వందల ఏళ్ల తరవాత మద్రాసులో ఒక ఇంట్లో అమ్మమ్మ గొంతులోనుండి మనుమరాలి చేతివేళ్లలోకి వచ్చింది. ఈ సంగతి నేను మాటవరసకు చెప్పాను. పిల్లలు మాత్రం దాన్ని పట్టుకున్నారు.

మరుసటి శనివారం నేను వెళ్లేసరికి వాళ్లు నోటుపుస్తకంలో ఊరి చప్పుళ్లు రాసి పెట్టారు. తెల్లవారుజామున పాలడబ్బాల మోత, కొళాయి దగ్గర ప్లాస్టిక్ బిందెల వరస, హోసూరు బస్సు హారను, గుడి గంట, రాగిచేలో పిట్టలను తోలే కేక, రాత్రి ఇంటింటా టీవీ. ముప్పై నాలుగు చప్పుళ్లు. వీటిలో అవ్వది ఏది అని అడిగాను. ఎవరికీ తోచలేదు. కొంతసేపటికి ఒక అమ్మాయి, "మా అవ్వ ముందు రాగులు ఇసిరేదంట సార్. ఇసిరేటప్పుడు పాడేదంట. నేనెప్పుడూ వినలేదు" అంది. తిరగలిని ఆ పక్క ఇసురురాయి అంటారు.

అందరం ఆ ఇంటికి వెళ్లాం. అవ్వకు ఎనభై ఏళ్లు పైమాటే. పాట సంగతి అడిగితే నవ్వి, "యెప్పటి పాట నాయనా అది! మిషను వచ్చినంక రాయి యెవరు తిప్పినారు? అంతా మరిచిపోతిని" అంది. పిల్లలు బతిమాలారు. ఆమె కళ్లు మూసుకుని ఆలోచించింది. రాలేదు. ఇసురురాయి ఏమైందని అడిగితే, పైరాయి పెరట్లో బట్టలు ఉతికే చోట బోర్లా పడి ఉంది. కిందిరాయి కోళ్లగూటికి ఆనించి ఉంది. కుర్రవాళ్లు రెండూ మోసుకొచ్చి కడిగారు. వేపకొమ్మ చెక్కి పిడి దిగ్గొట్టారు. సగం పూట పట్టింది. పిడికెడు రాగులు పోసి అవ్వను కూర్చోబెట్టారు.

ఆమె కుడికాలు చాచి, ఎడమకాలు ముడుచుకుని కూర్చుంది. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. రాయి నాలుగైదు చుట్లు తిరిగింది. గరగర చప్పుడు కుదురుకుంది. ఆ వెంట గొంతు వచ్చింది. పుట్టింటినుండి తీసుకుపోవడానికి అన్న వస్తాడని ఎదురుచూసే ఆడబిడ్డ పాట అది. మొదటి చరణంలో మాటలు ఉన్నాయి. రెండోదానిలో సగం ఉన్నాయి. ఆ పైన మాటలు లేవు, రాగం మాత్రమే. రాయి ఆగితే రాగమూ ఆగేది. రాయి తిరిగితే మళ్లీ వచ్చేది. తల మరిచిపోయిన పాటను చేయి మరిచిపోలేదు.

ఒక కుర్రవాడు ఉత్సాహంగా, "మిగతా మాటలు మనమే రాసిద్దాం సార్" అన్నాడు. నాకూ ఆ ఆశ పుట్టింది, తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ని కదా, నాలుగు చరణాలు కట్టలేనా! అవ్వ వద్దంది. "లేని మాట పెడితే మా అమ్మ పాట కాదు నాయనా, నీ పాట అవుతాది" అంది. నేను కలం జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు రికార్డు చేసింది పనికిరాలేదు. ఇంటికి వచ్చి వింటే పాట కంటె ఫ్యాను హోరు ఎక్కువగా ఉంది. పైగా మధ్యలో ఎవరిదో ఫోను మోగింది. రెండోసారి జాగ్రత్తపడ్డారు. ఫ్యాను ఆపారు. ఫోనును అవ్వ నోటికి జానెడు దూరంలో, గాలి తగలకుండా పలచటి బట్ట చుట్టి ఉంచారు. రాయి చప్పుడును విడిగా, పాటను విడిగా, రెండూ కలిపి, ఇలా మూడు విధాలా తీసుకున్నారు. చివర ఎవరూ కదలకుండా ఒక నిమిషంపాటు ఆ పెరటి మౌనాన్ని కూడా రికార్డు చేశారు. మౌనానికీ ఒక చప్పుడు ఉంటుంది. రెండు దృశ్యాలను అతికినప్పుడు ఆ చప్పుడు తెగితే చెవి వెంటనే పట్టేస్తుంది. ఈ పనిలో ముందు నిలబడినవాడు సినిమా పాట కోసం పట్టుబట్టిన కెమెరా కుర్రవాడే.

స్వరం దొరికిన తరవాత కథ మారింది. మొదట వాళ్లు ముగింపు దృశ్యాన్ని బస్‌స్టాండులో అనుకున్నారు. అవ్వ చేయి ఊపుతుంది, మనుమడు ఏడుస్తాడు. దాన్ని కొట్టివేశారు. పెరటిలోకి వచ్చారు. అవ్వ రాగులు విసురుతూ ఉంటుంది. కొంచెం దూరంలో అరుగు మీద మనుమడు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోను చూసుకుంటూ ఉంటాడు. మనకు మొదట వాడి చెవిలోని డబడబ మోతే వినబడుతుంది. అవ్వ పెదవులు కదలడం మాత్రం కనబడుతుంది. ఒక తీగ జారి పడుతుంది. సగం మోత, సగం పాట. వాడు రెండో తీగ తానే తీసేస్తాడు. అవ్వ రాగంలోకి, మాటలు లేని చోటికి వచ్చేసరికి, వాడు పక్కకు వచ్చి కూర్చుని పిడి మీద చేయి వేస్తాడు. ఆ చోట పాటలో మాటలు లేవు గనుక, తెలుగు రాని ఆ పిల్లవాడు కూడా ఆమెతో కలిసి గొంతు కలపగలడు. ఆ ఆలోచన నాది కాదు. 'టూ' కథ విన్న తరవాత ఒక అమ్మాయికి తోచింది.

అవ్వ విసిరే వేగాన్ని బట్టి దృశ్యం నిడివి కుదుర్చుకున్నారు. రాయి ఒక చుట్టు తిరగడానికి సుమారు రెండు సెకన్లు. పదహారు చుట్లకు ఒక చరణం. అంతసేపూ కెమెరా కదలకూడదని వాళ్లే తీర్మానించుకున్నారు. సినిమా పాటైతే ఇంతలో పది దృశ్యాలు మారేవి!

చిత్రీకరణ ఒక ఆదివారం ఉదయం జరిగింది. మనుమడుగా నటించినవాడు ఆ ఊరి కుర్రవాడే. తెలుగు రానట్టు ఉండడం వాడికి చాలా కష్టమైంది. అవ్వ "ఇట్లా పట్టుకో" అన్నప్పుడల్లా అర్థమైపోయి వెంటనే పట్టుకునేవాడు. ఐదుసార్లు తీశారు. ఆరోసారి అవ్వ ఏ సైగా చేయకుండా, వాడి చేతిని తీసుకుని తన చేతికింద పెట్టుకుంది. అదే ఉంచారు.

చిత్రం ఆరు నిమిషాల పైచిలుకు వచ్చింది. బడి వరండాలో తెల్లపంచె కట్టి వేశారు. ఊళ్లోని ముసలివాళ్లు చాలామంది వచ్చారు. రాయి చప్పుడు మొదలుకాగానే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు సన్నగా గొంతు కలిపారు. వారిలో ఒకామెకు మూడో చరణంలో రెండు మాటలు గుర్తున్నాయి. పక్కనున్న అమ్మాయి చీకట్లోనే వాటిని అరచేతిలో రాసుకుంది. అవ్వ చివరిదాకా కదలకుండా చూసింది. దీపాలు వేసిన తరవాత, ఎలా ఉంది అవ్వా అని అడిగాం.

"రాయి కొంచెం బిరబిరా తిప్పినాను" అంది.

అభ్యాసం

1. చెరువుకట్ట మీద నడిచే ముసలాయన దృశ్యం నాలుగుసార్లు నాలుగు విధాలుగా ఎందుకు కనబడింది? మీ మాటల్లో రాయండి.

2. 'టూ' చిత్రంలో వేణువును తీసివేస్తే కథ ఏమవుతుంది?

3. "లేని మాట పెడితే మా అమ్మ పాట కాదు" అని అవ్వ అన్న సందర్భాన్ని వివరించండి. మీరు ఆ బడిలో ఉండి ఉంటే ఆమెతో ఏకీభవించేవారా? కారణం చెప్పండి.

4. తిరగలిని మీ ఇంట్లో ఏమంటారు? దంచడం, చెరగడం, నాట్లు వేయడం, జోకొట్టడం వంటి పనులలో పాడే పాట ఏదైనా మీ ఇంటి పెద్దలకు వస్తుందేమో అడగండి. ఆ పని చేస్తూ పాడమనండి. విన్నది విన్నట్టు, వారు పలికినట్టే రాసుకుని తరగతికి తీసుకురండి. మాటలు లేనిచోట ఖాళీ వదలండి.